చెట్టుకు పట్టిన పాచిని గీకే ముందు

మా ఇల్లు కోనసీమలో పి.గన్నవరం దగ్గర, వైనతేయ అనే గోదావరి పాయ గట్టు కింద లంకలో. దొడ్లో పదకొండు కొబ్బరి చెట్లు, రెండు పనసలు, నాలుగు పోక చెట్లు, మా మామగారు నాటిన కొత్తపల్లి కొబ్బరి మామిడి ఒకటి ఉన్నాయి. ఆ మామిడి మొదలంతా బూడిద రంగు, లేత ఆకుపచ్చ మచ్చలు. కొన్నేళ్ల కిందట కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చినాయన చూసి, "అమ్మగారూ, చెట్టుకి పాచి పట్టేసిందండీ. రసం పీల్చేస్తది, గీకించేయండి" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇనుప బ్రష్షుతో గీకించి మైలుతుత్తం నీళ్లు కొట్టించాను. బెరడు లేచిపోయిన చోటల్లా బంక కారింది. ఆ పుండ్లు మానడానికి రెండేళ్లు పట్టింది. మా మామగారి చెట్టుకు నా చేతులతో నేనే చెరుపు చేశానన్న బాధ ఇంకా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మనం పాచి అనేది బడిలో లైకెన్ అని చదువుకున్నదే. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి చేసే కాపురం అది. శైవలం ఎండలో ఆహారం తయారుచేస్తుంది, శిలీంధ్రం దానికి గూడు కట్టి తేమ నిలుపుతుంది. 1860ల్లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి చెబితే అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. లైకెన్‌కు వేళ్లుండవు. వాన, మంచు, గాలిలో తేమ, వాటితో వచ్చే కాసిన్ని లవణాలే దాని తిండి. చెట్టు రసంతో దానికి పని లేదు, బెరడు మీద చోటు దొరికితే చాలు. బిర్యానీలో వేసుకునే రాతిపువ్వు కూడా లైకెనే.

మరి ఎండిపోతున్న చెట్టుకే ఎక్కువ పడుతుందేం అంటారు. నిజమే, నేనూ చూశాను. చెట్టు నీరసించి ఆకు పలచబడితే మొదలు మీదికి ఎండ వస్తుంది. ఎండ తగిలితే లైకెన్ విస్తరిస్తుంది. అంటే నీరసం ముందు వచ్చింది, పాచి తరవాత వచ్చింది. అలాంటి చెట్టు కనబడితే వేళ్ల దగ్గర నీరు నిలుస్తోందా, మొవ్వు బాగుందా, ఎరువు వేసి ఎన్నాళ్లయింది అన్నవి చూడండి. మొదలు గీకితే ఆకు రాదు.

మీ దొడ్లో ఉన్నది లైకెనో కాదో తేల్చుకోవడానికి పొద్దుటే ఒక చెంబు నీళ్లు పట్టుకెళ్లండి. ఎండిన మచ్చ మీద చారెడు నీళ్లు చల్లి రెండు నిమిషాలు ఆగండి. బూడిద రంగు కాస్తా పచ్చబడితే అది లైకెన్. తడిస్తే పై పొర పారదర్శకమై లోపలి శైవలం బయటికి కనబడుతుంది. పోక చెట్టు మీద తెల్లటి పొరలో నల్లగా, సన్నగా, ఎవరో కలంతో గీసినట్టు గీతలుంటాయి. గ్రాఫిస్ అనే జాతి అది. దాని పొరను ఒక మూల గోటితో రవ్వంత గీరితే పచ్చదనానికి బదులు పసుపు, నారింజ కనబడతాయి. లోపలి శైవలం ట్రెంటెపోలియా, దాని రంగే అది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ గీరకండి. కంసాలివాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం దొరికితే ఇంకా మంచిది. కొబ్బరి మొదలు మీద గుండ్రంగా అంచులు చీలి కనబడే బూడిద రంగు వాటిలో పిక్సిని కోకోయెస్ అనేదొకటి ఉంటుంది. ఆ పేరులోనే కొబ్బరి ఉంది.

జామ మీద వెతికి నిరాశపడకండి. జామ బెరడు పొరలుగా ఊడిపోతుంటుంది, లైకెన్‌కు నిలకడ ఉండదు.

లైకెన్ కాని వాటిని మాత్రం వదిలేయకూడదు. తడి వేలితో రుద్దితే నల్లగా ఊడి వచ్చేది మసి తెగులు. 2016లో మన దేశంలో కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ కొబ్బరాకుల మీద తేనెలాంటి జిగురు విసర్జిస్తే దాని మీద పట్టేది. తెల్లగా దూదిలా వచ్చేస్తే పిండినల్లి. కొబ్బరి మొదలు అడుగున గోధుమ రంగు బంక కారితే గానోడెర్మా అనే శిలీంధ్రపు తెగులు కావచ్చు, వెంటనే ఉద్యాన శాఖవాళ్లకు చూపించండి. మామిడి కొమ్మ మీద వేరే ఆకులతో గుబురుగా లేచేది బదనిక. నిజంగా రసం పీల్చేది అదే, కొమ్మతో సహా కోయించాలి.

లైకెన్లు ఉండాలంటే మనం కొన్ని పనులు మానుకుంటే చాలు. అవసరం లేకుండా మొదళ్లకు సున్నం, ఎర్రమట్టి పూయకండి. చెట్టు కింద ఆకులు, కొబ్బరి డొక్కలు తగలబెట్టకండి. పొగలోని గంధకపు వాయువు లైకెన్లకు గిట్టదు. 1866లోనే విలియం నైలాండర్ అనే ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త పారిస్‌లో గమనించాడు, ఊరిగాలి బాగాలేని చోట ఇవి ఉండవని. మొవ్వుకుళ్లుకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) పోయాల్సి వస్తే పోయండి, చెట్టు ప్రాణం ముఖ్యం. కానీ మొవ్వు వరకే పోయండి, మొదలు మొత్తం తడపకండి. రాగి మందు లైకెన్లను చంపేస్తుంది. నేను గీకించిన మామిడి మీద ఇప్పుడిప్పుడే గోరంత మచ్చలు మొదలయ్యాయి. వీటిలో చాలావాటికి ఏడాదికి పెరుగుదల కొద్ది మిల్లీమీటర్లే. 2022 జూలై వరదకు మా దొడ్లో నడుం లోతు నీళ్లు నిలిచి, మొదళ్లకు ఒండ్రు పట్టింది. ఆ గీతకు పైన మచ్చలు నిండుగా ఉన్నాయి, కింద ఇప్పటికీ పలచన.

పెరుగుదల చూడాలనుంటే పలచటి ప్లాస్టిక్ కాగితం మచ్చ మీద పెట్టి మార్కర్‌తో అంచు గీసుకోండి. నేను ఏటా ఉగాది పొద్దున, పచ్చడికి మామిడికాయ కోయడానికి వెళ్లినప్పుడు గీస్తాను. కాగితం మీద ఏడాది, చెట్టు, ఏ దిక్కో రాస్తాను. ఫోన్‌లో ఫోటో తీస్తే పక్కన ఐదు రూపాయల బిళ్ల పెడతాను.

గాలివానకు లైకెన్లున్న కొమ్మ విరిగితే పొయ్యిలో పెట్టేయకండి. జానెడు ముక్క కోసి, ముందు ఎంత ఎండ తగిలేదో అంతే ఎండ తగిలే చోట, ఇంకో చెట్టు పంగలో కొబ్బరి తాడుతో వదులుగా కట్టండి. అన్నీ బతకవు. నిరుడు నేను కట్టిన పనస ముక్కలు మూడింటిలో రెండు తెల్లబోయి రాలిపోయాయి. మూడోది పోక చెట్టు పక్కనుంది, మొన్న నీళ్లు చల్లితే పచ్చబడింది.