పాత మారుతి 800లో బ్రేకు లైటు వెలగకపోతే: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

బ్రేకు లైటు పోయిందనగానే చాలామంది నేరుగా షాపుకెళ్ళి కొత్త స్విచ్ కొనేస్తారు. అది బిగించినా లైటు వెలగదు. అప్పుడు వైరింగ్ మొత్తం మార్చాలని ఎవరో ఒకరు చెబుతారు. నిజానికి ఈ బండిలో బ్రేకు లైటుకి కరెంటు వెళ్ళే దారి చాలా చిన్నది: బ్యాటరీ, ఫ్యూజు, బ్రేకు పెడల్ పైనుండే స్విచ్, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళే వైరు, హోల్డరు, బల్బు, చివరికి బాడీ ఎర్త్ (కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగెళ్ళే దారి). మధ్యలో కంప్యూటరు ప్రమేయం లేదు. వస్తువులు మార్చుకుంటూ పోయే బదులు ఆ దారి వెంట నడిస్తే అరగంటలో తప్పు దొరుకుతుంది.

కావాల్సినవి: ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంప్, జానెడు వైరు ముక్క, సన్నటి ఎమ్రీ పేపరు, ఒక మంచి బల్బు. టెస్ట్ ల్యాంప్ కొననక్కర్లేదు. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించుకుంటే చాలు. మల్టీమీటరు కన్నా దీన్నే ఎక్కువ నమ్మాలి, ఎందుకో కింద చూద్దాం.

ముందు లక్షణం సరిగ్గా చూడండి. పక్కన మనిషి లేకపోతే చీకటి పడ్డాక బండిని గోడ వైపు వెనక్కి పెట్టి పెడల్ తొక్కండి. గోడ మీద పడే ఎరుపు చూస్తే ఏ పక్క వెలుగుతోందో తెలుస్తుంది. పగలైతే సీటుకీ పెడల్‌కీ మధ్య సరిపడా కర్ర ఒకటి ఇరికించి వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఒక పక్కే పోయిందా, రెండూ పోయాయా, అసలు ఆరట్లేదా, లేక బ్రేకు తొక్కితే ఇంకేదో లైటు వెలుగుతోందా? ఈ నాలుగింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

ఆరకపోవడం తప్ప ఏ లక్షణమైనా మొదట చూడాల్సింది బల్బునే. రెండు లైట్లూ ఒకేసారి పోవని, కాబట్టి తప్పు స్విచ్‌దేనని అనుకోవద్దు. ఒకటి మూడు నెలల కిందటే పోయి ఉంటుంది, ఎవరూ గమనించి ఉండరు. రెండోది నిన్న పోతే ఇవాళ రెండూ లేవు. బల్బుని లోపలికి నొక్కి ఎడమకి తిప్పితే బయటికి వస్తుంది. ఇది 21/5 వాట్ల బల్బు, లోపల రెండు ఫిలమెంట్లు: 5 వాట్లది టెయిల్ లైటుకి, 21 వాట్లది బ్రేకుకి. గాజు లోపల నల్లగా మాడినా, పాలలాగా తెల్లబడినా అది పనికిరాదు. కంటికి బాగానే ఉన్నా బ్యాటరీ దగ్గర పరీక్షించండి. ఇత్తడి ఒంటికి నెగెటివ్ వైరు పెట్టి, అడుగున ఉన్న రెండు బొడిపెలకీ ఒక్కోదానికి పాజిటివ్ తాకించండి. ఒకటి మందంగా, ఒకటి కళ్ళు చెదిరేలా వెలగాలి. కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.

మీటరుతో ఓమ్స్ చూసేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంటు ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. అది షార్టు కాదు. వెలిగి ఎర్రబడ్డాకే దాని నిరోధం ఏడు ఓమ్‌ల దాకా పెరుగుతుంది.

బల్బు మంచిదైతే చూపు హోల్డరు మీదికి. పాత బళ్ళలో సగం గొడవ ఇక్కడే ఉంటుంది. టెయిల్ ల్యాంపు రబ్బరు గట్టిపడి చీలితే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళలో సముద్రపు గాలి కూడా తోడవుతుంది. ఇత్తడికి పచ్చటి చిలుము, ఇనుముకి తుప్పు పడతాయి. అడుగునున్న స్ప్రింగు కాంటాక్టులు వేడికి మెత్తబడి కిందికి కుంగిపోతాయి. బల్బు అడుగున సీసపు బొడిపెలు అరిగి చదునైపోతాయి. అప్పుడు బల్బు కాంటాక్టుకి తగిలీ తగలనట్టు ఉంటుంది. డిక్కీ గట్టిగా వేస్తే వెలుగుతుంది, గుంతలో పడితే ఆరుతుంది. ఫ్యూజు తీసేసి, ఎమ్రీ పేపరుని పెన్సిలుకి చుట్టి హోల్డరు లోపలి గోడనీ కాంటాక్టులనీ మెరిసేలా రుద్దండి. కాంటాక్టుని సన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పైకి లేపండి. చివర్న పలచగా వ్యాజలిన్ పూయండి. ప్లాస్టిక్ కరిగిన హోల్డరుకి మాత్రం మరమ్మతు లేదు, మార్చడమే.

ఇక ఎర్త్. బ్రేకు తొక్కితే టెయిల్ లైటు తగ్గిపోవడం, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా కొట్టుకోవడం, హెడ్‌లైటు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా బ్రేకు తొక్కగానే మీటరు బోర్డు లైట్లు మినుకుమినుకుమనడం: ఈ విడ్డూరాలన్నిటికీ ఎక్కువసార్లు ఒకటే మూలం. బ్రేకు ఫిలమెంటులోకి వచ్చిన కరెంటుకి బాడీలోకి దిగే దారి లేక, అదే బల్బులోని 5 వాట్ల ఫిలమెంటు గుండా టెయిల్ లైటు వైరులోకి ఎదురెక్కి, అటు తగిలున్న మిగతా బల్బుల ద్వారా ఎర్త్‌కి చేరుతుంది. అందుకే సంబంధం లేని లైట్లు వెలుగుతాయి. ఖాయం చేసుకోవాలంటే వైరు ముక్క ఒక చివర హోల్డరు ఇత్తడి ఒంటికీ, రెండో చివర పెయింటు గీకిన బాడీ బోల్టుకీ పట్టి బ్రేకు తొక్కించండి. లైటు నిండుగా వస్తే ఎర్త్ ట్యాగు (వైరు చివర బాడీకి బిగించే రేకు కొస) విప్పి, కింది రేకు తెల్లగా కనపడేదాకా గీకి, మళ్ళీ బిగించండి. అంకెల్లో చూడాలంటే బ్రేకు తొక్కి ఉంచి హోల్డరు ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 లోపు ఉంటే సరే. ఒక వోల్టు దాటితే ఎర్త్ పాడైనట్టే.

ఇవే లక్షణాలు తప్పుడు బల్బు వల్లా రావచ్చు. అడుగున ఒకటే బొడిపె ఉన్న 21 వాట్ల ఇండికేటర్ బల్బుని ఈ హోల్డరులో బలవంతంగా దూరిస్తే, ఆ ఒక్క బొడిపె రెండు కాంటాక్టులనీ కలిపేస్తుంది. సరైన బల్బుకి పక్కనుండే రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెట్టకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. తేలిగ్గా దిగకపోతే నొక్కొద్దు, తిప్పి చూడండి.

రెండు బల్బులూ మంచివే, అయినా రెండూ వెలగట్లేదంటే ముందుకి రండి. ఫ్యూజు బాక్సు మూత మీద రాసింది చదవండి. చాలా పాత కార్లలో బ్రేకు లైటు ఫ్యూజుకే హారన్ లాంటిది ఇంకోటి కలిసి ఉంటుంది. అది కూడా పనిచేయకపోతే ఫ్యూజు దగ్గరే పట్టుకోవచ్చు. ఫ్యూజుని కంటితో చూసి వదిలేయకండి, టెస్ట్ ల్యాంపుతో రెండు వైపులా కరెంటు చూడండి. కొత్తది వేసేటప్పుడు ఎంత ఉంటే అంతే వేయాలి: బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. పెడల్ తొక్కిన క్షణంలోనే అది మళ్ళీ పోతే, స్విచ్ దాటాక ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయకుండా బ్రేకు బల్బులు రెండూ తీసి, ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు తగిలించి పెడల్ తొక్కి ఉంచండి. షార్టు ఉన్నంతసేపూ ల్యాంపు వెలుగుతుంది. వైర్ల కట్టను కార్పెట్ కిందనుంచీ డిక్కీ మూల దాకా కదిలిస్తూ పోతే, ఎక్కడ ఆరితే తప్పు అక్కడ.

ఫ్యూజు బాగుంటే స్విచ్. పెడల్ ఊరికే ఉన్నప్పుడు దాని చెయ్యి ఈ స్విచ్ పుల్లని (ముందుకీ వెనక్కీ కదిలే సన్న కడ్డీని) లోపలికి నొక్కి ఉంచుతుంది. తొక్కగానే పుల్ల బయటికొచ్చి లోపలి కాంటాక్టు కలుస్తుంది. రెండు వైర్ల ప్లగ్గు లాగి, ప్లగ్గులోని రెండు కొసలనీ వైరు ముక్కతో కలపండి. లైట్లు వెలిగితే స్విచ్ పోయినట్టు, లేదా అమరిక తప్పినట్టు. వెలగకపోతే ఆ రెండు కొసల్లో ఒకదానికైనా కరెంటు ఉందేమో టెస్ట్ ల్యాంపుతో చూడండి. లేకపోతే ఫ్యూజు నుంచి స్విచ్ దాకా వైరు తెగింది. ఉంటే స్విచ్ నుంచి వెనక్కి వెళ్ళే వైరు తెగింది. ఇలాంటి చోటే మీటరు మోసం చేస్తుంది: పది పోగుల్లో చిలుము పట్టిన ఒక్క పోగు తగిలీ తగలనట్టున్నా 12 వోల్టులు చూపిస్తుంది. టెస్ట్ ల్యాంపుకి దాదాపు 1.75 ఆంపియర్లు కావాలి, ఆ ఒక్క పోగు అంత మోయలేక ల్యాంపు మందంగా వెలుగుతుంది. (అంబాసిడర్ కాలపు కొన్ని బళ్ళలో స్విచ్ పెడల్ దగ్గర కాదు, బ్రేకు పైపు మీద ఉంటుంది. ఆయిల్ ఒత్తిడితో కలుస్తుంది. దాన్ని విప్పితే బ్రేకుల్లో గాలి తీయక తప్పదు.)

లైటు ఆరట్లేదంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తాళం తీసినా ఈ లైటుకి కరెంటు ఆగదు. రెండు 21 వాట్ల బల్బులు గంటకి మూడున్నర ఆంపియర్-అవర్ లాగితే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక్క రాత్రికే ఖాళీ. బూటు కొనతో పెడల్‌ని పైకి లేపండి. లైటు ఆరితే మ్యాట్ అడ్డుపడిందేమో, స్ప్రింగు బలం తగ్గిందేమో చూడండి. చాలా కార్లలో పుల్ల తగిలే చోట పెడల్ చేతికున్న కన్నంలో చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది ఎండి రాలిపోతే పుల్ల ఆ కన్నంలోకి దూరి, స్విచ్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. కాళ్ళ దగ్గర కార్పెట్ మీద రబ్బరు ముక్కలు కనిపిస్తే అదే కారణం. కొత్త బిళ్ళ దొరికేదాకా కన్నంలో చిన్న బోల్టు, నట్టు బిగించి నడుపుకోవచ్చు.

అమరిక కోసం లాక్ నట్ వదులు చేసి స్విచ్‌ని తిప్పండి. పెడల్ పూర్తిగా పైకొచ్చినప్పుడు స్విచ్ మీద మరలున్న (థ్రెడ్) భాగం చివరికీ పెడల్‌కీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందుండాలి. సందు లేకుండా బిగిస్తే పెడల్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకులు పట్టుకునే ఉండి వేడెక్కుతాయి. బిగించాక చేత్తో పెడల్‌ని సెంటీమీటరు కదిపి చూడండి, లైటు అప్పటికే వెలగాలి.