ఐపీ పాఠాలు – 4: ఇంటిని ఎవరి పేరున రాశారు?

ఐపీకి, అంటే అప్పులు తీర్చలేనప్పుడు కోర్టులో వేసే దివాలా పిటిషన్‌కు, కావాల్సిన ఆస్తుల జాబితా ఈ పాఠంలో మొదలుపెట్టాలి. కానీ గత పాఠానికి మీరు పంపిన అప్పుల జాబితాలు చూశాక వెనక్కి వెళ్లక తప్పలేదు.

సగం మంది గృహరుణం రాయలేదు. "వాయిదాలు కడుతూనే ఉన్నానుగా, అది అప్పెలా అవుతుంది?" అని ఒకరు అడిగారు. కడుతున్నా అప్పే, తాకట్టు ఉన్నా అప్పే. బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు, పాడేసుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన నెలలు, స్నేహితుడి అప్పుకు మీరు పెట్టిన హామీ సంతకం కూడా రాయాల్సిందే. జాబితాలో లేని వ్యక్తికి కోర్టు నోటీసు వెళ్లదు. అతను తర్వాత వచ్చి "నన్ను దాచాడు" అన్నాడంటే, మీరు రాసిన మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మరు. నా చిట్కా ఒకటి చెబుతాను. ఫోను తీయండి. ఎవరి పేరు కనబడితే ఎత్తడం మానేశారో ఆ పేర్లన్నీ వరుసగా రాయండి. ఖాతా పుస్తకం కంటే అది నిజం చెబుతుంది.

2016 దివాలా స్మృతి మాకు వర్తించదా అని మళ్లీ ప్రశ్నలు వచ్చాయి. అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది కానీ, అది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే. దుకాణదారుకు, ఉద్యోగికి, ఇల్లు కట్టి చితికిపోయినవారికి ఇప్పటికీ 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టమే దిక్కు. పిటిషన్ వేయడానికి అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలని అందులో ఉంది. నవ్వకండి, ఆ అంకెను ఇంతవరకు ఎవరూ మార్చలేదు.

ఇక నాకు విసుగు తెప్పించిన ప్రశ్నకు వస్తాను. ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వచ్చింది: "ఐపీ పెట్టేముందు ఇంటిని మా ఆవిడ పేర గిఫ్టు రాసేస్తే సరిపోతుంది కదా?"

సరిపోదు. ఆ 1920 చట్టంలోని సెక్షన్ 53 చూడండి. బదిలీ జరిగిన రెండేళ్లలోపు వేసిన పిటిషన్ మీద మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తే, ఉత్తపుణ్యానికి చేసిన ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. పూర్తి ధర ఇచ్చి మంచి నమ్మకంతో కొన్నవారికి రక్షణ ఉంది. గిఫ్టు పుచ్చుకున్న భార్యకు లేదు. "రెండేళ్లు ఆగి వేస్తాను" అంటారా? అన్నేళ్లు అప్పులవాళ్లు ఊరుకోవాలి కదా! అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేయడమే సెక్షన్ 6 ప్రకారం దివాలా చర్య. ఆ దస్తావేజును చేత పట్టుకుని మూడు నెలల్లోపు వాళ్లే మీ మీద ఐపీ వేయవచ్చు. మీరు దాక్కోవడానికి కట్టిన గోడ వాళ్లకు నిచ్చెన అవుతుంది. మోసపూరితంగా దాచారని రుజువైతే సెక్షన్ 69 కింద ఏడాది వరకు జైలు కూడా ఉంది.

కోర్టులో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. ఎదుటి వకీలు గొంతు కూడా పెంచడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) కాగితం మీ చేతికిచ్చి, "గిఫ్టు దస్తావేజు తేదీ చదవండి" అంటాడు. మార్చి 11 అని చదువుతారు. "ఆ రోజుకు మీకున్న అప్పెంత?" అంటాడు. ఆ అంకె మీరే జాబితాలో రాసిచ్చారు. ఇక మూడో ప్రశ్న అక్కర్లేదు.

పైగా ఆ ఇంటి మీద బ్యాంకు తాకట్టు ఉంటే, పేరు మార్చినా తాకట్టు ఇంటి వెంటే పోతుంది. ఐపీ కూడా దాన్ని ఆపదు. దివాలాదారుగా ప్రకటించాక మామూలు అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా మీ ఆస్తి మీదికి రాలేరు. తాకట్టు ఉన్న బ్యాంకుకు ఆ అడ్డు లేదని సెక్షన్ 28లో స్పష్టంగా ఉంది. వాయిదా 90 రోజులు దాటితే మొండి బాకీ, ఆపైన సర్ఫేసీ చట్టం (బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చేది) కింద 60 రోజుల నోటీసు, తర్వాత స్వాధీనం.

లెక్క వేద్దాం. ఇల్లు 60 లక్షలు, బ్యాంకు బాకీ 42 లక్షలు, మిగతా చేబదుళ్లు, చీటీలు కలిపి 36 లక్షలు అనుకోండి. ఇల్లు పూర్తి ధరకు పోతే బ్యాంకు పోను 18 లక్షలు మిగులుతాయి. అంటే అప్పులవాళ్లకు రూపాయికి 50 పైసలు. అదే ఇల్లు వేలంలో 55 లక్షలకే పోతే మిగిలేది 13 లక్షలు, రూపాయికి 36 పైసలు. ఈ తేడా చిన్నది కాదు. ఆస్తి రూపాయికి 50 పైసలకు సరిపోకపోతే, అది మీ చేతిలో లేని కారణాల వల్ల జరిగిందని చూపించుకోలేనివారికి సెక్షన్ 42 ప్రకారం అప్పుల నుంచి పూర్తి విముక్తి దొరకదు. అందుకే వడ్డీ మింగేసేలోపు, బ్యాంకుకు చెప్పి, బయటివారికి సరైన ధరకు మీరే అమ్మేయండంటాను. వచ్చిన డబ్బుకు పైసాతో సహా లెక్క ఉంచండి. అందులోంచి బావమరిదికి మాత్రమే ముందుగా ఇచ్చి మిగతావారిని వదిలేశారా, ఆ చెల్లింపు జరిగిన మూడు నెలల్లోపు పిటిషన్ పడితే సెక్షన్ 54 దాన్నీ వెనక్కి లాగుతుంది.

చెక్కు బౌన్సు కేసు ఐపీతో ఆగదు. దాని గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.

అభ్యాసం ఈసారి కాస్త బరువైనది. మీ ఇంటికి ఈసీ తీయండి. గత రెండేళ్లలో మీ చేయి దాటిపోయిన ప్రతిదీ తేదీ, విలువ, ఎవరికి వెళ్లింది అన్న మూడు గడుల్లో రాయండి: స్థలం, బండి, బంగారం, చెల్లెలి పెళ్లికి పంపిన డబ్బు, అన్నీ. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. తర్వాత ఆ కాగితం మీ భార్య లేదా భర్త ముందు పెట్టి, మర్చిపోయినవి వారి చేత రాయించండి. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చివరి రెండు మూడు వరుసలు ఎప్పుడూ అవతలివారి చేతిరాతలోనే ఉండేవి.

వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, తాళిబొట్టు జప్తుకు రావు. ఆస్తుల జాబితా రాసేటప్పుడు వాటికి పెన్సిలుతో సున్నా చుట్టి పక్కన "మినహాయింపు" అని రాయండి. వ్యవసాయదారులు, కూలీలు, ఇంటి పనివారు తాము నివసించే సొంత ఇంటికి కూడా సున్నా చుట్టవచ్చు, అది తాకట్టులో లేకపోతేనే. మిగతావారు ఇంటి జోలికి సున్నా తీసుకువెళ్లకండి.