టైంపాస్ సినిమా దగ్గర మొదలుపెట్టి మంచి సినిమా దాకా

నేను సబ్‌టైటిళ్లు రాస్తాను. ఒకే సీన్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి చూడటమే నా పని కాబట్టి, దేనిలో సరుకుందో, ఏది ఒట్టి హడావుడో తొందరగానే తెలిసిపోతుంది. తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "రోజూ రాత్రి ఏదో ఒకటి చూస్తాం, తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. మనసుకి పట్టేవి ఎలా వెతుక్కోవాలి?" వాళ్లకి గొప్ప సినిమాల జాబితా ఇవ్వను. ఇస్తే అది హోంవర్క్ అయిపోయి, రెండో సినిమాకే అటకెక్కుతుంది.

మీకు ఇప్పటికే నచ్చినదాని దగ్గరే మొదలుపెట్టండి. అది పక్కా మాస్ సినిమా అయినా సిగ్గుపడక్కర్లేదు. తీసినవాళ్లు తమకు ఏ సినిమాలంటే పిచ్చో ఇంటర్వ్యూల్లో చెప్తూనే ఉంటారు. ఆ తీగ లాగండి, డొంకంతా కదులుతుంది. 'స్టార్ వార్స్' (1977) ఇష్టమా? జపాన్ దర్శకుడు అకీరా కురొసావా 1958లో తీసిన 'ద హిడెన్ ఫోర్ట్రెస్' ప్రభావం తన మీద ఉందని 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ స్వయంగా చెప్పాడు. పెద్దవాళ్ల యుద్ధాన్ని ఇద్దరు అనామకుల కళ్లతో చూపించే పద్ధతి అక్కణ్ణుంచి వచ్చిందే. అది నచ్చితే అదే దర్శకుడి 'సెవెన్ సమురాయ్' (1954) చూడండి. 1960లో హాలీవుడ్ దాన్ని కౌబాయ్ కథగా మార్చి 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్' తీసింది. రెండూ వెంటవెంటనే చూస్తే ఏం ఉంచుకున్నారు, ఏం వదిలేశారు, ఎందుకు అని మీరే లెక్కలు వేయడం మొదలుపెడతారు.

ఇక చూసే పద్ధతి. మంచి సినిమాలో అసలు విషయం చాలాసార్లు నాకు పనిలేని చోటే ఉంటుంది, అంటే మాటలు ఆగిపోయిన చోట. మిమ్మల్ని కదిలించిన సీన్ ఒకటి ఎంచుకుని, సౌండ్ తీసేసి మళ్లీ చూడండి. సాధనకి '12 యాంగ్రీ మెన్' (1957) బాగుంటుంది. దాదాపు సినిమా అంతా ఒకే గదిలో మనుషుల వాదులాటే. దర్శకుడు సిడ్నీ లుమెట్ మొదట్లో కెమెరాని కంటి ఎత్తుకన్నా పైన పెట్టాడు, మధ్యలో కంటికి సమంగా దించాడు, చివర్లో ఇంకా కిందకి తెచ్చాడు. చివరికొచ్చేసరికి గది కప్పు కూడా కనబడుతుంది. పైగా లెన్సులు మారుస్తూ పోవడంతో గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇవేవీ గమనించం, టెన్షన్ మాత్రం పెరుగుతుంటుంది. రెండోసారి ఆ టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తోందో దొరుకుతుంది. నాకైతే ఆ దొరకడంలో ఉన్న మజా ఏ ట్విస్టులోనూ లేదు.

నెమ్మదిగా నడిచేదల్లా లోతైనదని మాత్రం అనుకోకండి. మొహాలు వేలాడేసుకుని కిటికీలోంచి చూసే సినిమాలకి నేను బోలెడు సబ్‌టైటిళ్లు రాశాను, లోపల ఏమీ లేదు. నేను చూసేవి రెండే: తీసుకున్న నిర్ణయం వల్ల హీరో నిజంగా ఏమైనా పోగొట్టుకున్నాడా? ఎదుటివాడి మాటలో కాస్తయినా న్యాయం ఉందా? రెండూ లేకపోతే అది కాలక్షేపం. కాలక్షేపానికే చూడండి, తప్పేం లేదు.

ఏం చూడాలో పగలే తేల్చుకోండి. అలసిపోయి రిమోట్ పట్టుకుంటే యాప్ ముందుకు తోసిందే చూస్తాం. నెట్‌ఫ్లిక్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని ప్రొఫైల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయొచ్చు, యూట్యూబ్‌లోనూ ఆ మీట ఉంది. పరభాషా సినిమాకి డబ్బింగ్ కన్నా సబ్‌టైటిళ్లే మేలు (నా పొట్టకూటి మాట అనుకున్నా సరే). నటుడి సొంత గొంతు పోతే సగం నటన పోయినట్టే.

సినిమా అయిపోగానే ముగింపుని విడమర్చి చెప్పే వీడియోలు తెరవకండి. ఒకటి రెండు రోజులు ఆగండి. ఈలోపు అదే సినిమా చూసి మీతో ఒప్పుకోనివాళ్లెవరైనా ఉంటే వాళ్లతో వాదించండి. నచ్చలేదన్నవాళ్లని ఏ సీన్ దగ్గర విసుగొచ్చిందో అడిగి, ఆ సీన్ మళ్లీ పెట్టుకుని చూడండి.