‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’ చూసేటప్పుడు కార్డులు ఎవరి చేతిలో ఉన్నాయో గమనించండి

జేమ్స్ ఫోలీ దర్శకత్వంలో 1992లో వచ్చిన ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’ నిడివి వంద నిమిషాలు. భూములమ్మే ఒక చిన్న ఆఫీసు, దాని ఎదుట ఒక చైనీస్ రెస్టారెంటు, ఒక వానరాత్రి, ఆ మర్నాటి పగలు మినహా ఇందులో పెద్దగా ఏమీ లేదు. కొట్లాటలన్నీ మాటలతోనే జరుగుతాయి కనుక, మామూలు సినిమాలా ఒక కన్ను ఫోనుపై వేసి చూస్తే సగం కథ చేజారిపోతుంది.

మొదటిసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకొని, మధ్యలో ఆపకుండా చూడండి. పాత్రలు ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకుంటాయి, అన్న వాక్యాన్నే మళ్లీ అంటాయి, సగంలో వదిలేస్తాయి. అది డేవిడ్ మామెట్ రచనా పద్ధతి. యువకుడిగా షికాగోలోని ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో పనిచేసిన అనుభవంతో ఆయన రాసిన నాటకమే దీనికి ఆధారం. 1983లో లండన్‌లో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటకానికి 1984లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బూతులు ధారాళంగా దొర్లుతాయి కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న గదిలో పెట్టకపోవడమే మంచిది.

కథను పట్టుకోవడానికి ఒకే ఒక దారం చాలు, అది లీడ్స్. కొనే అవకాశం ఉన్నవారి పేరు, వివరాలు రాసిన కార్డులివి. హైదరాబాదు శివార్లలో వెంచర్ల ప్లాట్లు అమ్మేవాళ్లు కూడా వీటిని ఇదే మాటతో పిలుస్తారు. మంచి కార్డు ఉంటేనే అమ్మకం, అమ్మకం ఉంటేనే కమీషన్, అయితే ముందు అమ్మి చూపించినవాడికే మంచి కార్డు ఇస్తారు. ఈ చిక్కుముడిని మనసులో ఉంచుకొని, ప్రతి సన్నివేశంలోనూ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరు అడుక్కుంటున్నారో చూడండి. జీతానికి పనిచేసే మేనేజరు విలియమ్సన్‌కు (కెవిన్ స్పేసీ) అమ్మడం రాదని అందరూ వెక్కిరిస్తారు. అయినా బీరువా తాళం అతని దగ్గరే ఉంటుంది.

ఇక అందరూ చెప్పుకునే బ్లేక్ ప్రసంగం. పైఆఫీసు నుంచి వచ్చిన బ్లేక్ (అలెక్ బాల్డ్విన్) పోటీ నిబంధనలు ప్రకటిస్తాడు: మొదటి బహుమతి కాడిలాక్ కారు, రెండోది మాంసం కోసుకునే కత్తుల సెట్టు, మూడోది ఉద్యోగం ఊడటం. కాఫీ పోసుకుంటున్న ముసలి సేల్స్‌మన్ లీవెన్‌ను అక్కడికక్కడే ఆపుతాడు, మాస్ అనే మరో సేల్స్‌మన్‌కు తన చేతిగడియారం విప్పి చూపించి అవమానిస్తాడు. ఈ ముక్కను కత్తిరించి సేల్స్ శిక్షణలో ఉత్తేజం కోసం వేసేవాళ్లున్నారు. అంతకంటే పెడర్థం ఉండదని నా అభిప్రాయం. ఇక్కడ బాల్డ్విన్‌ను వదిలేసి వింటున్నవాళ్ల ముఖాలు చూడండి. ఆఫీసులో అందరికంటే ఎక్కువ అమ్మే రోమా (అల్ పచీనో) ఆ గదిలోనే లేడని, కొత్త కార్డుల కట్టను తెచ్చి చూపించి మరీ వీళ్లకు ఇవ్వకుండా విలియమ్సన్‌కు అప్పగించారని గమనిస్తే, ఆ ప్రసంగం ఎవరికీ అమ్మకం నేర్పడం లేదని తెలుస్తుంది.

ఆ తర్వాత మూడు సంభాషణలను విడివిడిగా పోల్చండి. వానలో కారులో కూర్చొని లీవెన్ (జాక్ లెమన్) మేనేజరును బతిమాలతాడు; కమీషన్‌లో 20 శాతం, పైగా కార్డుకు 50 డాలర్ల చొప్పున రొక్కం అని బేరం కుదిరాక చూస్తే, అతని దగ్గర ఆ రొక్కమే ఉండదు. మాస్ (ఎడ్ హారిస్) కార్డులు దొంగిలించే ఆలోచనను ఊరికే అంటున్నట్టుగా మొదలుపెట్టి, విన్నావు కాబట్టి నువ్వూ భాగస్వామివేనని ఆరొనోను (అలన్ ఆర్కిన్) ఇరికిస్తాడు. రోమా మాత్రం బారులో పక్కనున్న అపరిచితుడితో జీవితం, భయం, పాపం అంటూ ఏదేదో మాట్లాడి, భూమి ఊసు చిట్టచివరన తీస్తాడు. ముగ్గురూ అమ్ముతున్నవాళ్లే, కానీ సరుకు మాట చివరిదాకా ఎత్తనివాడొక్కడే అమ్మగలుగుతాడు.

సినిమా ఇంకా చూడనివారు తర్వాతి పేరాను వదిలేయండి, అందులో ముగింపు ఉంది.

రెండోసారి చూసేటప్పుడు లీవెన్‌ను ఒక్కడినే వెంబడించండి. ఫోన్ బూత్‌లో నిలబడి, పక్కన సెక్రటరీ ఉన్నట్టు గొంతు మార్చే పెద్దమనిషి, మర్నాడు 82 వేల డాలర్ల అమ్మకం చేశానని ఆఫీసులోకి వచ్చేసరికి పదేళ్లు చిన్నవాడైపోతాడు. బారులో రోమా మాటలకు పడిపోయి, ఇప్పుడు కొనుగోలు రద్దు చేసుకోవాలని వచ్చిన లింక్‌తో (జొనాథన్ ప్రైస్) రోమా చెక్కు ఇంకా బ్యాంకుకు వెళ్లలేదని చెబుతుండగా, సంగతి తెలియని విలియమ్సన్ వెళ్లిపోయిందని అనేసి బేరం చెడగొడతాడు. అప్పుడు లీవెన్ అతన్ని తిడుతూ, అబద్ధమాడితే పనికొచ్చేలా ఆడాలంటాడు. అది అబద్ధమని నీకెలా తెలుసని విలియమ్సన్ అడిగిన క్షణంలో లెమన్ ముఖం చూడండి. మామూలుగా ప్రతి రాత్రీ బ్యాంకుకు వెళ్లే కాగితం ఆ ఒక్క రాత్రి మేనేజరు బల్ల మీద ఉండిపోయిందని, ఆ రాత్రే ఆఫీసులో చొరబడి కార్డులు దొంగిలించినవాడికి తప్ప తెలిసే వీలు లేదు. ఆపైన ఆ 82 వేల అమ్మకమూ ఉత్తిదేనని తేలుతుంది, ఎందుకంటే సేల్స్‌మెన్‌తో కబుర్లంటే ఇష్టపడే, చేతిలో పైసా లేని దంపతుల కార్డు అది.

ఈ చిత్రానికి ఆస్కార్ నామినేషన్ ఒక్క పచీనోకే దక్కింది. వెనిస్ చిత్రోత్సవం మాత్రం లెమన్‌ను ఉత్తమ నటుడిగా ఎన్నుకొంది. నా ఓటు వెనిస్‌కే.

వీలైతే ఆ తర్వాత నాటకాన్ని చదవండి. అందులో బ్లేక్ పాత్రే లేదు, దాన్ని మామెట్ సినిమా కోసం ప్రత్యేకంగా రాశారు. కారు, కత్తుల పోటీ గురించి నాటకంలో పాత్రల మాటల మధ్య విని తెలుసుకోవలసిందే, బెదిరించే మనిషి గదిలోకి రాడు.