థండర్‌బర్డ్‌లో మెయిల్ ఫోల్డర్లు సింక్ కాకపోతే ఏం చేయాలి?

ఫోన్‌లో కనిపిస్తున్న మెయిల్ కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒక్కోసారి కనిపించదు. లేదా కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌లోకి మార్చిన మెయిల్ ఫోన్‌లో ఇంకా ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ఖాతాను తీసేసి మళ్లీ చేరుస్తారు. లోపం చాలాసార్లు ఏదో ఒక సెట్టింగ్‌లోనే ఉంటుంది కాబట్టి, ఆ పనిని చిట్టచివరికి వదిలిపెట్టడం మంచిది.

ముందుగా బ్రౌజర్‌లో మీ మెయిల్ తెరిచి అదే ఫోల్డర్‌ను చూడండి. ఐమ్యాప్ పద్ధతిలో అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మీ కంప్యూటర్‌లో ఉండేది దాని నకలు మాత్రమే. అందువల్ల బ్రౌజర్‌లో కనిపించిన మెయిల్ థండర్‌బర్డ్‌లో లేకపోతే లోపం మీ కంప్యూటర్ వైపు ఉందని అనుకోవచ్చు. బ్రౌజర్‌లోనూ లేకపోతే అది స్పామ్‌లో పడిందా, ఏదైనా ఫిల్టర్ దాన్ని మరోచోటికి పంపిందా, నిల్వ స్థలం నిండిపోయిందా అన్నవి చూడాలి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో డ్రైవ్, ఫొటోలు కూడా లెక్కకు వస్తాయి కనుక, మెయిళ్లు కొద్దిగానే ఉన్నా స్థలం నిండిపోయే అవకాశం ఉంది.

తర్వాత అకౌంట్ సెట్టింగ్స్‌లోని సర్వర్ సెట్టింగ్స్ తెరిచి, సర్వర్ రకం ఐమ్యాప్ అని ఉందో, పాప్ అని ఉందో గమనించండి. పాప్ ఇన్‌బాక్స్‌లోని మెయిళ్లను దించుకోవడానికే పనికొస్తుంది. అందులో ఫోల్డర్లు ఎన్ని తంటాలు పడినా సింక్ కావు. ఉన్న పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చే వీలు లేదు కాబట్టి, అదే చిరునామాను ఐమ్యాప్ ఖాతాగా విడిగా చేర్చుకోవాలి. దీనికి సాధారణంగా ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ భద్రతతో (అంటే సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపే పద్ధతితో) 993 పోర్టు వాడతారు. ఎడమవైపు వరుసలో కనిపించే లోకల్ ఫోల్డర్స్ సంగతి కూడా ఇలాంటిదే. వాటిలోకి లాగి వేసిన మెయిల్ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, ఫోన్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఒక ఫోల్డర్ అసలు కనిపించకపోతే, ఖాతా పేరుపై రైట్ క్లిక్ చేసి సబ్‌స్క్రైబ్ ఎంచుకుని, జాబితాలో దాని ఎదురుగా టిక్ పెట్టండి. జీమెయిల్‌లో ఫోల్డర్ల పనిని లేబుళ్లు చేస్తాయి కాబట్టి, అది వాడేవారు బ్రౌజర్‌లోని సెట్టింగ్స్‌లో లేబుల్స్ విభాగానికి వెళ్లి, ఆ లేబుల్‌కు ‘షో ఇన్ ఐమ్యాప్’ టిక్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఆ టిక్ లేకపోతే జీమెయిల్ ఆ లేబుల్‌ను థండర్‌బర్డ్‌కు చూపించనే చూపించదు.

ఫోల్డర్ కనిపిస్తున్నా కొత్త మెయిళ్లు రావడం లేదన్న ఫిర్యాదే ఎక్కువగా వినిపిస్తుంది. థండర్‌బర్డ్ మామూలుగా ఇన్‌బాక్స్‌ను మాత్రమే తనంతట తాను తనిఖీ చేస్తుంది. బ్యాంకు మెయిళ్లన్నీ ‘బ్యాంకు’ అనే ఫోల్డర్‌లోకి వెళ్లేలా సర్వర్‌లో ఫిల్టర్ పెట్టుకున్నారనుకోండి, మీరు ఆ ఫోల్డర్‌పై నొక్కేదాకా అందులో కొత్త మెయిల్ వచ్చిన జాడే తెలియకపోవచ్చు. ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, కొత్త మెయిళ్లు తెచ్చేటప్పుడు ఈ ఫోల్డర్‌ను కూడా ఎప్పుడూ చూడమనే గడిలో టిక్ పెడితే ఈ ఇబ్బంది తీరిపోతుంది.

ఏ ఫోల్డరూ కదలకపోతే, ఫైల్ మెనూలో వర్క్ ఆఫ్‌లైన్ పొరపాటున ఆన్ అయి ఉందేమో చూడండి. జీమెయిల్‌కు సర్వర్ సెట్టింగ్స్‌లో ప్రామాణీకరణ పద్ధతి ‘ఓఆథ్2’గా (అంటే గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతిగా) ఉండాలి, ఆ లాగిన్ పనిచేయడానికి థండర్‌బర్డ్‌లో కుకీలకు అనుమతి కూడా ఉండాలి. ఒకే ఖాతాను చాలా పరికరాల్లో వాడేవారు కనెక్షన్ల సంఖ్యనూ పట్టించుకోవాలి. జీమెయిల్ ఒక ఖాతాకు ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లకు మించి ఒప్పుకోదు, థండర్‌బర్డ్ ఒక్కటే మామూలుగా 5 దాకా వాడుకుంటుంది. సర్వర్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్‌లో ఆ సంఖ్యను 2కు గానీ 1కి గానీ తగ్గించి చూడవచ్చు.

ఇవన్నీ సరిగ్గానే ఉండి ఒకే ఫోల్డర్ మొండికేస్తుంటే, దాని ప్రాపర్టీస్‌లోని రిపేర్ ఫోల్డర్ బటన్ నొక్కండి. ఫోల్డర్ సూచికను దాచే ‘.ఎంఎస్ఎఫ్’ ఫైలు దీంతో మళ్లీ తయారవుతుంది. ఐమ్యాప్ ఫోల్డర్ అయితే మెయిళ్లు సర్వర్ నుంచి తిరిగి దిగుతాయి కనుక, పెద్ద ఫోల్డర్‌కు చాలా సమయం పట్టవచ్చు, మధ్యలో ఆపకండి. కొందరు థండర్‌బర్డ్ మూసేసి, అది మెయిళ్లను, సెట్టింగ్‌లను దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ సూచిక ఫైలును తామే తొలగిస్తారు. అలా చేసేవారు దాని పక్కనే అదే పేరుతో, పొడిగింపు లేకుండా ఉండే ఫైలును మాత్రం ముట్టుకోకూడదు. పాప్ ఖాతాలోనూ, లోకల్ ఫోల్డర్స్‌లోనూ మెయిళ్లన్నీ ఉండేది అందులోనే.

అప్పటికీ కుదరకపోతే ప్రొఫైల్ ఫోల్డర్‌ను మొత్తంగా మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పంపకుండా ఉంచిన మెయిళ్లు ఏవైనా అవుట్‌బాక్స్‌లో మిగిలాయేమో చూసుకుని, ఆ తర్వాతే ఖాతాను తొలగించి కొత్తగా చేర్చండి.