డిష్‌వాషర్‌లో గిన్నెలు నల్లబడుతున్నాయా? మెషిన్ కంటే ముందు గిన్నె అడుగు చూడండి

హైదరాబాద్‌లో డిష్‌వాషర్లు బాగుచేయడం నా పని. వారానికి ఒక్కరైనా ఇలా ఫోన్ చేస్తారు: "మెషిన్ గిన్నెల్ని నల్లగా చేసేస్తోందండీ, ఒకసారి వచ్చి చూస్తారా?" నేను మెషిన్ గురించి అడగను. "నల్లబడింది సిల్వర్ గిన్నేనా?" అంటాను. అటువైపు కాసేపు చప్పుడుండదు. తర్వాత, "అవునండీ, అమ్మ ఇచ్చిన తపేలా."

సిల్వర్ అనండి, సత్తు అనండి, సీవెండి అనండి, హిందాలియం అనండి, అన్నీ అల్యూమినియమే. అవి మెషిన్‌లో పెట్టకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా పెడుతూనే ఉంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్ళిన కుక్కరుకీ మొదటి వారంలోనే ఇదే గతి.

గిన్నె మసకబారింది, తుడిస్తే చేతికి నల్లగా అంటుతోంది

కారణం డిటర్జెంట్. అల్యూమినియం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఉంటుంది. లోహాన్ని కాపాడేది అదే. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ) సుమారు 4 నుంచి 8.5 వరకు ఆ పొర నిలబడుతుంది. సింకు దగ్గర వాడే లిక్విడ్‌తో పెద్దగా ఇబ్బంది రాదు. మెషిన్ పౌడర్, టాబ్లెట్ సంగతి వేరు. వాటిలో సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా సరుకు, దండిగా ఉంటుంది. ఆ నీళ్ళ పీహెచ్ 10 దాకా వెళుతుంది. దానికి 60, 70 డిగ్రీల వేడి తోడు. పొర కరుగుతుంది, కింది లోహమూ కాస్త కరుగుతుంది, మిగిలిన గరుకు నల్లగా కనిపిస్తుంది. "మాది హార్డ్ అనోడైజ్డ్ కదా" అంటారు. అది అదే పొరని మందంగా పెంచింది. కాస్త ఆలస్యంగా పోతుంది, అంతే.

బాగుచేయడం తేలికే. నలుపు మునిగేదాకా నీళ్ళు పోసి, నిమ్మకాయంత చింతపండు గానీ రెండు నిమ్మకాయల రసం గానీ వేసి పావుగంట మరగనివ్వండి. చల్లారాక మెత్తటి పీచుతో రుద్దితే చాలావరకు వస్తుంది. పులుపు నీళ్ళు రాత్రంతా ఉంచకండి, పులుపు కూడా అల్యూమినియాన్ని తింటుంది. తినే సోడా మాత్రం వద్దు. క్షారంతో పోయినదానికి మళ్ళీ క్షారమా? ఇక సోడా, వెనిగర్ కలిపి పొంగిస్తుంటారు కొందరు. నురగ చూడ్డానికి బాగుంటుంది, ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అనోడైజ్డ్ పొర పోతే మాత్రం ఇంట్లో తిరిగి తెప్పించలేం. గుంటలు పడి తెల్లపొడి రాలుతుంటే ఆ గిన్నె పాతసామానుకే.

"మా ఇంట్లో సిల్వర్ సామానే లేదండీ, అయినా కంచాలకి బూడిద మరకలు"

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. కూకట్‌పల్లిలో ఒకరింటికి మూడుసార్లు తిరిగాను. పింగాణీ కప్పుల మీద పెన్సిల్‌తో గీసినట్టు గీతలు, స్టీల్ కంచాల మీద మసి. మొదటిసారి టాబ్లెట్ మార్పించాను. రెండోసారి ఫిల్టర్ కడిగి, నీళ్ళు చిమ్మే రెక్కలు విప్పి చూశాను. ఏమీ లేదు. అనుమానమొచ్చిన ప్రతి గిన్నెకీ అయస్కాంతం పెట్టాను. అయస్కాంతం పట్టిందంటే అల్యూమినియం కాదని అప్పట్లో నా లెక్క. దోసెల పెనానికి టక్కున అతుక్కుంది. సరే, ఇది కాదులే అని పక్కన పెట్టేశాను.

మూడోసారి, ఇంకేం తోచక, ఆ పెనాన్నే తిరగేసి తడి టిష్యూతో అడుగు రుద్దాను. టిష్యూ నల్లబడింది. ఆ రోజు విజిట్‌కి డబ్బు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

సంగతేమిటంటే, ఇండక్షన్ మీద కూడా పనిచేసే నాన్‌స్టిక్ పెనాల్లో చాలావాటికి ఒళ్ళంతా అల్యూమినియమే. మామూలు ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం సరిగా వేడెక్కదు కాబట్టి, అడుగున చిల్లుల స్టీల్ బిళ్ళ ఒకటి నొక్కి దిగేస్తారు. అయస్కాంతం పట్టేది ఆ బిళ్ళని. చిల్లుల్లోంచి, బిళ్ళ చుట్టూ ఉన్న అంచులోంచి అల్యూమినియం బయటికే ఉంటుంది. లోపల కోటింగ్, పక్కల రంగు, అడుగుకి మాత్రం ఏ రక్షణా లేదు. పైగా స్టీల్‌ని ఆనుకుని క్షారపు నీళ్ళలో తడిసే అల్యూమినియం ఇంకా త్వరగా కరిగిపోతుంది. ఆ అడుగు కప్పుకి రాసుకున్నచోట గీత, కంచానికి ఆనినచోట మసి. మనం పెనాన్ని పైనుంచే చూస్తాం, పైన నిగనిగలాడుతూనే ఉంటుంది.

కాబట్టి అయస్కాంతాన్ని నమ్మకండి. తెల్లటి తడి టిష్యూ తీసుకుని ప్రతి గిన్నె అడుగూ, అంచూ రుద్దండి. నల్లబడితే అది బయటే ఉండాలి. జంతికల గొట్టం, ఇడ్లీ రేకులు, కడిగి మళ్ళీ వాడదామని దాచే పార్సిల్ ఫాయిల్ డబ్బాలు కూడా చూడండి. స్టీల్ కుక్కర్ అడుగున రెండు స్టీల్ పొరల మధ్య సన్నటి బూడిద గీత కనిపిస్తే అదీ అల్యూమినియమే.

కంచాల మరకలకి నిమ్మ ఉప్పుని (సిట్రిక్ యాసిడ్) కాసిని నీళ్ళతో తడిపి, ముద్దలా చేసి రుద్దండి.

మిగతావి

గాజు గ్లాసుల మీద తెల్లపొర బోరు నీళ్ళ సమస్య, మెషిన్‌లో ఉప్పు పోసే డబ్బా ఖాళీ అయిందేమో చూసుకోండి. మెషిన్ లోపలి స్టీల్ గోడల వల్ల గిన్నెలు నల్లబడ్డాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. కుక్కర్ లోపల, నీళ్ళు ఉండేంత ఎత్తు వరకే నలుపుంటే అది మెషిన్ పని కాదు, ఉత్త నీళ్ళు మరగడం వల్ల వచ్చింది. కుక్కర్‌లో నీళ్ళు పోసేటప్పుడే చిన్న చింతపండు రెబ్బ వేస్తే రాదు.

ఇప్పటికే కుక్కర్ మూతని మెషిన్‌లో వేసి ఉంటే, మళ్ళీ పొయ్యి మీద పెట్టేముందు విజిల్ తీసి ఆవిరి గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి. కరగని పౌడర్ అందులో గట్టిపడి ఉండొచ్చు. అవతలి వెలుగు కనబడకపోతే పుల్లతో పొడిచి, ధారగా నీళ్ళు పోసి కడగండి.