కోనసీమలోనే ఇల్లు మారుతున్నారా? సామాను ఎక్కించే ముందు

అమలాపురం నుంచి రాజోలే కదా అని సామాను విడిగా వేసేయకండి. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక దారులు మునుగుతాయి. ఆ రెండు నెలలూ వద్దు.

ముందు ఆవకాయ జాడీలు చూడండి. నూనె ముక్క మీదకి తేలి ఉండాలి. పొడిగుడ్డతో వాసెన కట్టి, నిలువుగా, ఒళ్లో పెట్టుకునే తీసుకెళ్లండి. ఒరిగితే నూనె కారిపోయి పై ముక్కకి బూజు పడుతుంది. ఏడాది పచ్చడి అది!

ఫ్రిజ్ ముందురోజే ఆపి, మంచు కరిగాక తుడవండి. పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది. అలా తేవాల్సి వస్తే కొన్ని గంటలు నిలబెట్టాకే స్విచ్ వేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ వంచితే యాసిడ్ కారుతుంది.

సిలిండర్‌కి రెగ్యులేటర్ తీసి క్యాప్ బిగించండి. పాత ఇంటి కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకోండి.

పాలు పొంగించే గిన్నె, పాలు, అగ్గిపెట్టె లారీలో వేయకండి, చేతిసంచిలోనే ఉండాలి.